విమానం 8 గంటలు ఆలస్యం, రాత్రంతా టెర్మినల్ నేల మీద: హోటల్ అడిగే హక్కు ఉందా?

ప్రశ్న: ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో రాత్రి 9.40 విమానానికి నేనూ, 68 ఏళ్ల మా అమ్మా టికెట్లు తీసుకున్నాం. వేళకే చెక్-ఇన్ అయ్యాం. ముందు అరగంట ఆలస్యం అన్నారు, తర్వాత గంట, మళ్లీ గంటన్నర... చివరికి తెల్లవారి 5.50కి బయల్దేరింది. రాత్రి మొత్తానికి ఇచ్చింది మనిషికో బిస్కెట్ ప్యాకెట్, నీళ్ల సీసా. మోకాళ్ల నొప్పులతో అమ్మ నేల మీదే పడుకుంది. హోటల్ అడిగితే ‘మాది బడ్జెట్ ఎయిర్‌లైన్, అలాంటివి ఉండవు’ అన్నారు. కారణం అడిగితే ‘ఆపరేషనల్ రీజన్స్’ అన్నారు. విడిగా కొనుక్కున్న 6.45 తిరుపతి విమానం కూడా పోయింది. ఏమైనా రాబట్టుకోగలమా? టికెట్ షరతుల్లో ఢిల్లీ కోర్టులకే పరిధి అని ఉంది. అక్కడికే వెళ్లాలా?

జవాబు: బడ్జెట్ ఎయిర్‌లైన్ కాబట్టి హోటల్ ఉండదన్న మాట చట్టం ముందు నిలవదు. విమానాల ఆలస్యం, రద్దు, బోర్డింగ్ నిరాకరణలపై విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2010లో తెచ్చి, తర్వాత సవరించిన నిబంధనల్లో చవక సంస్థకు ఒక రూలు, ఖరీదైన సంస్థకు ఒక రూలు అని లేదు. ఇంటర్‌గ్లోబ్ ఏవియేషన్ (ఇండిగో) కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: టికెట్ చవక కావచ్చు, ఆలస్యమైనప్పుడు ప్రయాణికుడికి కల్పించాల్సిన కనీస సౌకర్యాల బాధ్యత మాత్రం తగ్గదు. అయితే ఆ కేసులో ప్రయాణికుడు చివరికి ఓడిపోయారు. ఆలస్యానికి కారణం పొగమంచు. పైగా తిండీ నీళ్లూ ఇచ్చామని సంస్థ చూపించగలిగింది. కాబట్టి మీ కేసు కూడా రెండు విషయాల మీదే నడుస్తుంది: ఆలస్యానికి అసలు కారణం ఏమిటి, ఆ రాత్రి మీకు ఏం అందింది.

ముందు తిండి సంగతి. గేటు నుంచి కదిలి గమ్యంలో ఆగే దాకా పట్టే సమయం రెండున్నర గంటల లోపున్న విమానం 2 గంటలు, అంతకు మించి ఆలస్యమయ్యేట్టుంటే భోజనం, ఉపాహారం ఇవ్వాలి. అదీ నిరీక్షించే సమయానికి తగినట్టు. 8 గంటల 10 నిమిషాలకు ఒక బిస్కెట్ ప్యాకెట్ తగినదని ఏ వినియోగదారుల కమిషన్ ముందూ వాదించడం సులభం కాదు.

ఇక హోటల్. మామూలుగా ఆలస్యం 24 గంటలు దాటితేనే ఇవ్వాలి. కానీ రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయల్దేరాల్సిన విమానమైతే 6 గంటలు దాటినా చాలు. రాకపోకల ఏర్పాటు కూడా సంస్థదే. మీది 9.40 విమానం, కాబట్టి ఈ లెక్కలోకి వస్తుంది. చిక్కంతా ఒక మాట దగ్గరుంది. నిబంధన చూసేది ‘బయల్దేరుతుందని అంచనా వేస్తున్న సమయం’. అరగంట, గంట, గంటన్నర అంటూ వాయిదాల్లో చెప్పుకుంటూ పోతే, ఏ ఒక్క క్షణంలోనూ ‘6 గంటలు దాటుతుంది’ అని సంస్థ ఒప్పుకున్నట్టు ఉండదు. రేపు వాళ్లు వాదించేది ఇదే. మనం అడగాల్సిన ప్రశ్న: తెల్లవారే దాకా విమానం కదలదని సంస్థకు ఎన్నింటికి తెలిసింది? సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోయి కొత్త సిబ్బంది పొద్దున్నే వచ్చేట్టుంటే ఆ సంగతి అర్ధరాత్రికే తెలిసి ఉంటుంది. ఆ రాత్రి ఆలస్యం రికార్డులు, సిబ్బంది రోస్టర్ దాఖలు చేయించాలని ఫిర్యాదుతోపాటే కమిషన్‌ను కోరండి. చాలామంది ఈ అభ్యర్థన పెట్టరు, కేసు మాటకు మాటగా మిగిలిపోతుంది.

వాతావరణం, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, భద్రతా ముప్పు, సమ్మె లాంటి చేయి దాటిన కారణాలుంటే సంస్థకు మినహాయింపు ఉంది. ‘ఆపరేషనల్ రీజన్స్’ అన్నది కారణం కాదు, కారణం చెప్పకుండా ఉండే పద్ధతి. ఇప్పుడైనా కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టి కారణంతో కూడిన డిలే సర్టిఫికెట్ అడగండి. ఆ సమయానికి మిగతా సంస్థల విమానాలు ఢిల్లీ నుంచి మామూలుగానే బయల్దేరినట్టు చూపగలిగితే పొగమంచు వాదన బలహీనపడుతుంది. వాళ్లు పంపిన ప్రతి ఎస్సెమ్మెస్‌నూ సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, ఈమెయిల్‌లో దాచండి. ఫోన్ మార్చినప్పుడు పోయేది సరిగ్గా ఇదే సాక్ష్యం.

డబ్బు విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 5,000 నుంచి 10,000 రూపాయల దాకా పరిహారం అని మీరు వినే అంకెలు రద్దయిన విమానాలకు, అదీ ముందుగా చెప్పకుండా రద్దు చేస్తేనే. ఆలస్యానికి డీజీసీఏ నిబంధనల్లో నగదు పరిహారం లేదు. 6 గంటలు దాటితే పూర్తి రీఫండ్ అడగవచ్చు గానీ మీరు ప్రయాణం చేసేశారు. కాబట్టి మీ దారి ‘సేవా లోపం’ కింద వినియోగదారుల కమిషన్. పెట్టుకున్న తిండి ఖర్చు, మానసిక వేదన, కేసు ఖర్చులు కలిపి సబబైన మొత్తం అడగండి. లక్షల్లో అడిగినంత మాత్రాన లక్షలు రావు.

ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. టికెట్‌లో రాసుకున్న పరిధి షరతు దీన్ని అడ్డుకోలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఘటన జరిగిన రోజు నుంచి 2 సంవత్సరాలు గడువు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే దాఖలు చేయవచ్చు. అంతకంటే ముందు సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాతపూర్వకంగా రాయండి, విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలోనూ నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. చిన్న మొత్తాలు చాలావరకు ఈ దశలోనే తేలిపోతాయి.

ప్రజోపయోగ సేవల వివాదాలు తేల్చే శాశ్వత లోక్ అదాలత్ మరో దారి. విమాన ప్రయాణం దాని పరిధిలోనిదే, కోర్టు ఫీజు ఉండదు. కానీ అక్కడ దరఖాస్తు వేశాక అదే వివాదంపై వేరే కోర్టుకు వెళ్లలేరు, తీర్పుపై అప్పీలూ లేదు. రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. రికార్డులు తెప్పించాల్సిన కేసు కాబట్టి నేనైతే కమిషన్‌కే వెళ్లమంటాను.

తిరుపతి విమానం సంగతి కష్టం. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే ముందుకు చేర్చే బాధ్యత సంస్థదే అయ్యేది. విడి టికెట్ విడి ఒప్పందం, రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు. మొదటి సంస్థ నుంచి ఆ నష్టం అడగండి గానీ వస్తుందని లెక్కేసుకోవద్దు. ఒకటి మాత్రం ఖాయంగా మీదే: ప్రయాణం చేయని టికెట్‌పై కట్టిన ప్రభుత్వ పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, ప్యాసింజర్ సర్వీస్ ఫీజు. ‘నాన్ రిఫండబుల్’ టికెట్ అయినా ఇవి తిరిగి ఇవ్వాల్సిందే. అడగకపోతే సాధారణంగా ఇవ్వరు, కాబట్టి పీఎన్ఆర్ రాసి ఈ వారమే ఆ సంస్థకు మెయిల్ పెట్టండి.