పికప్ ఫోర్ వీల్ డ్రైవ్ పట్టకపోతే మోటారు మార్పించే ముందు

ప్రశ్న: ఈ మధ్యే ఒక పాత పికప్ కొన్నాను. 4హై (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే మామూలు వేగాల మోడ్) పెడితే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, గేరు మాత్రం పట్టదు. కాసేపటికి 'సర్వీస్ ఫోర్ వీల్ డ్రైవ్' అని వస్తోంది. ట్రాన్స్‌ఫర్ కేసు (పవర్‌ను ముందు, వెనుక చక్రాలకు పంచే గేరుపెట్టె) మోటారు మార్చాలని షాపువాళ్లు అంటున్నారు. చలికాలం దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. మార్పించేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దండి. మోటారు పోయిందని ఏ పరీక్ష చేసి తేల్చారో ముందు అడగండి. 'కోడ్ (బండి కంప్యూటర్ నమోదు చేసే లోపం నంబరు) వచ్చింది కాబట్టి' అని మాత్రమే అంటే ఆగండి. ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో కోడ్ చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో మోటారు ఉంది, కనెక్టర్ ఉంది, వైరు ఉంది, గ్రౌండు ఉంది. వీటిలో చెడింది ఏదో మనిషే వెతకాలి.

బటన్ లేదా నాబ్‌తో పనిచేసే పికప్‌లలో పని ఇలా సాగుతుంది. డ్యాష్‌బోర్డు స్విచ్ మీ కోరికను కంట్రోల్ మాడ్యూల్‌కు చెబుతుంది. మాడ్యూల్ వేగం, గేరు చూసుకుని ట్రాన్స్‌ఫర్ కేసు మీది షిఫ్ట్ మోటారుకు కరెంటు పంపుతుంది. మోటారు ఎంత తిరిగిందో దానిలోని పొజిషన్ సెన్సర్ మాడ్యూల్‌కు తిరిగి చెబుతుంది. ముందు యాక్సిల్‌ను కలిపే యాక్చుయేటర్ ఇంకొకటి ఉంటుంది. వీటిలో ఎక్కడ తెగినా మీకు కనిపించేది అదే ఆరి వెలిగే లైటు.

అసలు లోపమే లేని సందర్భాలూ ఉంటాయి. 4 లో (4 Low, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు మోడ్) పడాలంటే చాలా బండ్లలో గేరు న్యూట్రల్‌లో ఉండాలి, బండి ఆగి ఉండాలి లేదా నడక వేగంలో ఉండాలి. ఈ షరతు తీరకపోతే మాడ్యూల్ ఒప్పుకోదు. పార్ట్ టైం ఫోర్ వీల్ డ్రైవ్‌ను పొడి రోడ్డు మీద వాడి మలుపులు తిప్పితే ముందు వెనుక షాఫ్టులు ఒకదాన్నొకటి బిగించేసుకుంటాయి, 2హైకి (రెండు చక్రాలకే పవర్ వెళ్లే మోడ్) రాదు. అలాంటప్పుడు తిన్నగా కొన్ని అడుగులు వెనక్కి పోనిస్తే చాలాసార్లు వదులవుతుంది. నాలుగు టైర్లూ ఒకే సైజులో ఉన్నాయా, అరుగుదల సమానంగా ఉందా అన్నది కూడా చూడండి. పాత బండి కొన్నవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

బండి కిందికి వెళ్లే ముందు ఒక మాట. షిఫ్ట్ సగంలో ఆగిపోతే ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉండిపోవచ్చు. అప్పుడు గేరు పార్క్‌లో ఉన్నా బండి దొర్లిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. జాక్‌ను నమ్ముకుని కిందికి దూరకండి, స్టాండ్లు ఉండాల్సిందే.

మొదట బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండిలో సుమారు 12.6 వోల్టులు ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే 13.5 నుంచి 14.5 మధ్య. బ్యాటరీ నీరసించినా ఈ మాడ్యూళ్లు తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి. ఫ్యూజును కంటితో చూసి వదలకుండా టెస్ట్ లైటుతో రెండు వైపులా చూడండి. రిలే (కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్ పెట్టె) మీద అనుమానం ఉంటే అదే నంబరున్న పక్క రిలేతో మార్చి చూడొచ్చు.

అసలు దొంగ ఎక్కువగా దొరికేది ఆ తర్వాత. అమెరికాలోని మంచు రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గరి కనెక్టర్లలోకి చేరుతుంది. విప్పి చూస్తే పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఫ్రేముకు బిగించిన గ్రౌండు బోల్టు కింద తుప్పు ఉంటుంది. ఇక్కడే మల్టీమీటరు మోసం చేస్తుంది. వైరు తెగిందో లేదో చూసే బీప్ పరీక్షలో మీటరు పంపేది అతి తక్కువ కరెంటు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా బీప్ వస్తుంది. మోటారుకు కావలసిన ఆంపియర్లను మాత్రం ఆ ఒక్క పోగు మోయలేదు. కాబట్టి పని చేస్తున్నప్పుడే కొలవాలి. కనెక్టర్ తగిలించే ఉంచి, ఒక ప్రోబు బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది మాడ్యూల్ గ్రౌండు పిన్ను దగ్గర వెనక నుంచి ఆనించి, ఇంకొకరిని స్విచ్ తిప్పమనండి. 0.2 వోల్టు లోపు ఉంటే పర్వాలేదు. అర వోల్టు, ఒక వోల్టు కనిపిస్తే గ్రౌండు శుభ్రం చేయాల్సిందే. వైరు తొడుగుకు మాత్రం సూది గుచ్చకండి, ఆ చిల్లులోంచే ఉప్పునీరు దిగుతుంది.

ఇప్పుడు మోటారు. చేతులు దూరంగా ఉంచి, షిఫ్ట్ చేస్తున్నప్పుడు దాని రెండు వైర్ల మధ్య కొలవండి. ఒకవైపు తిప్పేటప్పుడు దాదాపు బ్యాటరీ వోల్టేజీ క్షణకాలం వస్తుంది, రెండోవైపు తిప్పితే మైనస్ గుర్తుతో వస్తుంది. వోల్టేజీ నిండుగా అందుతున్నా చప్పుడు లేకపోతే మోటారు పోయింది, లేదా లోపల ఏదో పట్టేసింది. అప్పుడు షాపువాళ్ల మాట నిజమే. వోల్టేజీ రాకపోతే మోటారు మార్చి లాభం లేదు, వెనక్కి స్విచ్ వైపు వెళ్లాలి. మోటారు తిరిగిన చప్పుడొచ్చినా లైటు నిలకడగా రాకపోతే పొజిషన్ సెన్సర్‌నో, ముందు యాక్సిల్ యాక్చుయేటర్‌నో అనుమానించండి.

స్విచ్ సంగతి తేల్చడానికి స్కానర్ కావాలి. చవక రీడర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. ఫోర్ వీల్ డ్రైవ్ మాడ్యూల్‌ను చదివేది తెచ్చుకోండి, లైవ్ డేటాలో స్విచ్ ఏ మోడ్ అడుగుతోందో కనిపిస్తుంది.

ఫోర్డ్ ఎఫ్-150 తీరు కొంచెం వేరు. వీటిలో చాలా మోడళ్లలో 2హైలో ముందు చక్రాల హబ్బులను విడదీసి ఉంచేది ఇంజన్ వాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే లాగుడు). గొట్టం పగిలినా, ఆ వాక్యూమ్‌ను తెరిచి మూసే సోలెనాయిడ్‌లో నీరు చేరినా 2హైలో వెళ్తుంటేనే ముందు చక్రాల దగ్గర గరగర శబ్దం వస్తుంది. దానికి ట్రాన్స్‌ఫర్ కేసు మోటారు మార్పించుకున్నా ఆ శబ్దం పోదు.

షాపుకే ఇవ్వాలనుకుంటే డయాగ్నొస్టిక్ ఫీజు విడిగా కట్టి, ఏం కొలిచారో కాగితం మీద రాయించుకోండి. పాత పార్టు తిరిగి ఇమ్మనండి. మీ 17 అక్షరాల విన్ నంబరును (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో కొట్టి, రీకాల్ (లోపాన్ని సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) పెండింగ్‌లో ఉందేమో చూడండి. ఉంటే డీలరు ఉచితంగా చేస్తాడు. బండిని లాగించాల్సి వస్తే ఫ్లాట్‌బెడ్ (నాలుగు చక్రాలూ పైకెక్కించే ట్రక్కు) కావాలని ఫోన్‌లోనే చెప్పండి.

బాగయ్యాక కూడా ఎండాకాలమంతా 2హైలోనే తిప్పకండి, యాక్చుయేటర్లు బిగుసుకుపోతాయి. టొయోటా టకోమా మాన్యువల్ నెలకు కనీసం 10 మైళ్లు ఫోర్ వీల్ డ్రైవ్‌లో నడపమంటుంది. వేరే బండికీ అది మంచి అలవాటే. పొడి తారురోడ్డు మీద మాత్రం కాదు, వాన పడ్డప్పుడో, మట్టి, కంకర దారి దొరికినప్పుడో.