రేడియో సర్వర్ మార్పు ఒక్క రాత్రి పనా?

ప్రశ్న: మా కమ్యూనిటీ రేడియో ప్రసారాలన్నీ రివెండెల్ ఆటోమేషన్ (పాటల్ని వరసగా తనంతట తానే ప్లే చేసే సాఫ్ట్‌వేర్) మీదే నడుస్తాయి. సెంటాస్ 7 అనే లినక్స్ మీద దాని వెర్షన్ 3 వాడుతున్నాం. 2024 జూన్ 30తో సెంటాస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి కొత్త లినక్స్‌కి, వెర్షన్ 4కి మారాలనుకుంటున్నాం. పదివేల దాకా పాటలున్నాయి. రాత్రి ప్రసారం ముగిశాక మొదలుపెట్టి, తెల్లారేసరికి అదే మెషీన్ మీద పూర్తి చేస్తానంటున్నాడు మా టెక్నీషియన్. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక స్టేషన్ మేనేజర్

జవాబు: మేనేజర్ గారూ, మీ టెన్షన్ సబబే. అదే మెషీన్ మీద మాత్రం వద్దు. ముందు లెక్క చూడండి. సీడీ నాణ్యతలో స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10.5 ఎంబీ. నాలుగేసి నిమిషాల పాటలు 10,000 అంటే 420 జీబీ. 100 ఎంబీపీఎస్ నెట్‌వర్క్ పూర్తి వేగంతో నడిచినా, ఇది కాపీ కావడానికి తొమ్మిది గంటలు దాటుతుంది. డిస్కు ఫార్మాట్ చేయాలంటే ఇదంతా ఒకసారి బయటికి తీయాలి, మళ్లీ లోపలికి ఎక్కించాలి. మధ్యలో ఏదైనా తేడా వస్తే, ఉదయం ప్రసారానికి పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు.

పాత సర్వర్‌ను ప్రసారంలోనే ఉంచండి. పక్కన ఇంకో కంప్యూటర్ మీద కొత్త లినక్స్, వెర్షన్ 4 ఎక్కించి, మీ బ్యాకప్‌ను అందులో తెరవండి. తెరుచుకోని బ్యాకప్ బ్యాకప్ కాదు కదా, ఆ సంగతీ ఇక్కడే తేలిపోతుంది.

రివెండెల్ తన సరుకును రెండు చోట్ల దాస్తుంది. శబ్దమంతా ఆడియో ఫోల్డర్‌లో, 000123_001 లాంటి పేర్లతో ఉంటుంది. అంటే 123వ కార్ట్‌లో (ఒక పాటకో కార్యక్రమానికో ఇచ్చిన నంబరు) మొదటి కట్ (అందులోని ఒక రికార్డింగ్). అది ఏ పాట, ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ తర్వాతి పాటలో కలవాలి, ఏ రోజు ఏ లాగ్‌లో (ప్రసార జాబితాలో) ఉంది అన్నదంతా డేటాబేస్‌లో ఉంటుంది. ఒకటి లేకుండా రెండోది పనికిరాదు. అందుకే చివరి కాపీ తీసేటప్పుడు రెండూ ఒకే సమయానివి అయ్యుండాలి. ఆ కాసేపు ఎవరూ కొత్త పాట ఎక్కించకూడదని, లాగ్ మార్చకూడదని ప్రెజెంటర్లకు ముందే చెప్పండి.

ఆడియోను ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో రెండు విడతలుగా పంపండి. మొదటి విడత పగలే, వేగానికి పరిమితి పెట్టి నడపండి. లేకపోతే డిస్కు మీద భారం పడి ప్రసారంలో పాట తెగొచ్చు. మార్పు రోజున, మధ్యలో కొత్తగా చేరినవీ మారినవీ మాత్రమే వెళ్తాయి కాబట్టి చాలా త్వరగా అయిపోతుంది. డేటాబేస్ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని రాసిపెట్టిన కాపీ) ఫైలు చివర, డంప్ పూర్తయిందన్న వరుస ఉందో లేదో చూడండి. అది లేకపోతే డంప్ మధ్యలో ఆగిపోయిందేమోనని అనుమానించి మళ్లీ తీయండి.

ఇక అన్నిటికంటే నన్ను భయపెట్టే చోటు. పాత మెషీన్ నుంచి రివెండెల్ సెట్టింగులుండే ఆర్‌డీ.కాన్ఫ్ ఫైలును కొత్తదానికి కాపీ చేస్తారు. డేటాబేస్ ఏ మెషీన్‌లో ఉందో చెప్పే వరుస అందులోనే ఉంటుంది. అది ఇంకా పాత సర్వర్‌నే చూపిస్తుంటే, మీరు కొత్త మెషీన్ దగ్గర కూర్చుని ఆర్‌డీడీబీఎంజీఆర్ అనే రివెండెల్ కమాండ్‌తో డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కి మార్చినప్పుడు, మారేది ప్రసారంలో ఉన్న డేటాబేస్! వెర్షన్ 4కి మార్చిన డేటాబేస్‌తో వెర్షన్ 3 పనిచేయదు. ఒక స్టేషన్‌లో సరిగ్గా ఇదే జరగడం చూశాను. కాబట్టి ఆ కమాండ్ కొట్టే ముందు, మీరూ టెక్నీషియనూ ఇద్దరూ ఆ వరుసను పైకి చదవండి. ఆ కాసేపు కొత్త మెషీన్ నెట్‌వర్క్ కేబుల్ పీకేస్తే ఇంకా నిశ్చింత.

మెషీన్ పేరు కూడా ముఖ్యమే. సౌండ్ కార్డు పోర్టులు, ఎయిర్‌ప్లే (రివెండెల్‌లో ప్రసారం నడిపే భాగం) సెట్టింగులు, రికార్డింగ్ షెడ్యూళ్లు అన్నీ ఆ పేరుకే ముడిపడి ఉంటాయి. కొత్తదానికి పాత పేరే పెట్టండి, ఐపీ అడ్రస్ మాత్రం వేరేది ఇవ్వండి.

తెలుగు పేర్లున్న కార్ట్‌లు కొన్ని తెరిచి చూడండి. అక్షరాల చోట వింత యూరోపియన్ అక్షరాలు కనిపిస్తే కంగారు పడొద్దు. చాలాసార్లు అసలు సమాచారం అలాగే ఉంటుంది, చదివే పద్ధతే తప్పు. వరసగా ప్రశ్నార్థకాలే నిల్వ అయ్యుంటే మాత్రం ఆ కాపీలో అక్షరాలు పోయినట్టే. అప్పుడు అక్కడ మరమ్మతు చేయడం వృథా. క్యారెక్టర్ సెట్ (అక్షరాలను నిల్వ చేసే పద్ధతి) సరిచేసి, పాత సర్వర్ నుంచి మళ్లీ డంప్ తీసుకోండి.

తర్వాత కనీసం ఒక వారం, కొత్త సర్వర్‌ను ట్రాన్స్‌మిటర్‌కి కలపకుండా, మానిటర్ స్పీకర్ మీద అవే లాగ్‌లతో నడపండి. వారం ఎందుకంటే, ఆదివారం ఒక్కరోజే వచ్చే రికార్డింగ్ సోమవారం పరీక్షిస్తే తెలియదు. గంట కొట్టే సమయానికి రావాల్సినవి వస్తున్నాయా, అర్ధరాత్రి మర్నాటి లాగ్ అందుకుంటోందా, గడియారం, టైమ్ జోన్ సరిగ్గా ఉన్నాయా అని వినండి. ఈ వారంలో కొత్తదాని నుంచి బయటికి వెళ్లే అప్‌లోడ్‌లు ఆపేయండి, లేకపోతే ఒకే కార్యక్రమం రెండు మెషీన్ల నుంచీ వెళ్తుంది.

మార్పు రోజున విడిగా ఒక ల్యాప్‌టాప్‌లో రెండు గంటల పాటలు సిద్ధంగా పెట్టుకుని, ఆడియో కేబుల్ మార్చండి. తేడా అనిపిస్తే కేబుల్ మళ్లీ పాతదానికి పెట్టేయండి. పాత సర్వర్‌ను ఒక నెల వరకు ఎవరూ ముట్టుకోవద్దు. ఆ నెలలో కొత్తగా రికార్డు చేసినవి దానిలో ఉండవు కాబట్టి, వాటిని విడిగా దాచుకోండి.

ప్రశ్న: ప్రసార సర్వర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌లు ఆన్ చేసి ఉంచవచ్చా?
— ఒక రేడియో వాలంటీర్

జవాబు: వద్దండీ. ప్రసారం మధ్యలో డేటాబేస్ సర్వీస్ తనంతట తాను రీస్టార్ట్ అయితే ఆటోమేషన్ తడబడుతుంది. అలాగని అప్‌డేట్‌లు మానేయకూడదు. సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకుండా ఫైర్‌వాల్ వెనక ఉంచండి. నెలకొకసారి ప్రసారం లేని వేళ చూసుకుని, బ్యాకప్ తీసి, మీరే దగ్గరుండి అప్‌డేట్ చేయండి.