టెక్ సందేహాలు: ధర గడి ఖాళీగా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: కోఠీలో మాది పుస్తకాల పంపిణీ సంస్థ. సుమారు నాలుగు వేల పుస్తకాల జాబితా ఎక్స్‌ఎంఎల్ (సమాచారాన్ని ట్యాగులతో రాసే పద్ధతి) ఫైలులో ఉంది, ధరలు మాత్రం డేటాబేస్‌లో ఉన్నాయి. ఆ జాబితాను క్యాటలాగ్‌గా మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్‌లో ప్రతి పుస్తకం దగ్గరా, బయటి పత్రాన్ని తెచ్చే డాక్యుమెంట్ ఫంక్షన్‌తో ఒక వెబ్ చిరునామాను పిలుస్తాము; పుస్తకం పేరుతో కూడిన ఎస్‌క్యూఎల్ వాక్యం, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం, ఆ చిరునామాలోనే వెళుతుంది. క్యాటలాగ్ తయారు కావడానికి గంట దాకా పడుతోంది, కొన్ని ధరల గడులు ఖాళీగా వస్తున్నాయి. డీలర్ల పేజీలోనూ ఇదే స్టైల్‌షీట్ బ్రౌజర్‌లో నడుస్తోంది; ఫైలు జతచేశాము. సర్వర్ మెమరీ పెంచితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఈ ప్రశ్న ఊరూ పేరూ మార్చుకుని నా దగ్గరకు వస్తూనే ఉంది. అడిగేవారందరూ మెమరీ గురించి అడుగుతారే తప్ప, ఆ చిరునామాలో తాము ఏం పంపుతున్నామో ఒక్కసారి కూడా తేరిపార చూసుకోరు.

ముందు ఆలస్యం సంగతి. స్టైల్‌షీట్ ఒక పరుగు ముగిసేదాకా ఒకే చిరునామాకు ఒకే సమాధానం రావాలన్నది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ నియమం కనుక, తెచ్చిన ప్రతి పత్రాన్నీ స్టైల్‌షీట్‌ను నడిపే ప్రాసెసర్ సాధారణంగా చివరిదాకా మెమరీలోనే అట్టిపెట్టుకుంటుంది. మీ చిరునామాలు నాలుగు వేలూ వేరువేరు కాబట్టి అభ్యర్థనలూ అన్నే వెళతాయి, పత్రాలూ అన్నే పేరుకుంటాయి. ధరలన్నింటినీ ఒక్క పిలుపులో తెప్పించుకుని, సూచికలా పనిచేసే కీ ఫంక్షన్‌తో వెతుక్కోండి. మీరు పంపిన ఫైలు 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 ప్రమాణంలో ఉంది. అందులో కీ ప్రస్తుత నోడ్ (ఆ క్షణంలో చూస్తున్న అంశం) ఉన్న పత్రంలోనే వెతుకుతుంది కాబట్టి, ఫర్-ఈచ్ ఆదేశంతో ముందు ధరల పత్రంలోకి వెళ్లి అక్కడ దానిని పిలవాలి. 2007లో వచ్చిన 2.0లో ఆ పత్రాన్ని కీకి మూడో ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్‌కు అందించే విలువగా) ఇస్తే చాలు.

ఖాళీ గడులకు మెమరీతో సంబంధం ఉండకపోవచ్చు. పత్రం దొరకనప్పుడు తప్పు చూపించి ఆగడమో, ఖాళీ నోడ్‌సెట్‌తో, అంటే ఏమీ లేని ఫలితంతో, ముందుకు సాగడమో ప్రాసెసర్ ఇష్టానికే 1.0 వదిలేసింది. మీ ప్రాసెసర్ రెండో దారి పట్టినట్టుంది. ధర లేని పుస్తకం అచ్చుకు వెళ్లిపోయే ఈ మర్యాద కన్నా, పని మధ్యలో ఆగిపోవడమే నయమని నా అభిప్రాయం. తెచ్చిన పత్రంలో ధరల ఎలిమెంట్ లేకపోతే మెసేజ్ ఎలిమెంట్‌లో టెర్మినేట్ (ఆపు) అన్న దానికి యెస్ ఇచ్చి, పరుగును అక్కడే ఆపివేయండి.

ఇక నన్ను నిజంగా భయపెట్టిన విషయం. చిరునామాలో ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని అనుమతించడమంటే, అడిగిన పుస్తకం తెచ్చి ఇచ్చే కుర్రవాడిని మానిపించి, కౌంటరు దగ్గరకు వచ్చిన ప్రతివారికీ గోదాము తాళంచెవి ఇవ్వడమే. మీ స్టైల్‌షీట్ ధర మాత్రమే అడుగుతుందని మీరు అంటారు. కానీ అవతల ఉన్న సర్వీసు ఏ వాక్యం వచ్చినా నడుపుతుంది, ఖాతాకు అధికారం ఉంటే పట్టికను చెరిపేసే వాక్యాన్ని కూడా. పైగా డాక్యుమెంట్ ఫంక్షన్‌తో పాటు హెడర్ (అభ్యర్థన వెంట విడిగా వెళ్లే సమాచారం) పంపే మార్గం ప్రమాణంలో లేదు గనుక పాస్‌వర్డ్‌ను కూడా చిరునామాలోనే ఇరికించారు. అది వెబ్ సర్వర్ లాగ్‌లలో (వచ్చిన అభ్యర్థనల చిట్టాలలో) అక్షరం పొల్లుపోకుండా నమోదవుతూ ఉంటుంది. డీలర్ల పేజీలో ఇదే స్టైల్‌షీట్ బ్రౌజర్‌లో నడుస్తోందని కూడా రాశారు. అంటే దానిని తెరిచి చదవడం ఏ డీలరుకైనా నిమిషం పని.

పేర్లను ఎన్‌కోడ్ చేస్తున్నాము (గుర్తులను చిరునామాలో చెల్లే సంకేతాలుగా మారుస్తున్నాము) కదా అనుకోవద్దు. పుస్తకం పేరులో యూజీన్ ఓ'నీల్ అని ఉంటే, అందులోని అపాస్ట్రఫీని ఎన్‌కోడ్ చేసి పంపినా, సర్వర్ దానిని మళ్లీ విప్పి ఎస్‌క్యూఎల్‌లో పెడుతుంది, వాక్యం అక్కడే విరుగుతుంది. అదే సందులో కావాలని మరో వాక్యాన్ని దూర్చేవారూ ఉంటారు.

రెండు నిమిషాల ప్రదర్శనలో చప్పట్లు కొట్టించుకోవడానికి ఇలాంటి నమూనాలు తయారుచేసి పెట్టే ఉపకరణాల మీద నాకు ఎప్పటినుంచో కోపం. అమీర్‌పేటలో ఎస్‌క్యూఎల్ సెలెక్ట్ వాక్యం నేర్పే బోర్డులకు కొదవ లేదు గానీ, ఆ వాక్యం ఏ యంత్రంలో ఉండాలో చెప్పే తరగతి కోసం వెతుక్కోవలసిందే.

మీరు చేయవలసిందేమిటంటే, ఎస్‌క్యూఎల్‌ను సర్వర్ వైపు పారామీటర్లతో (విలువను వాక్యంలో కలపకుండా విడిగా అందించే పద్ధతిలో) సిద్ధంగా రాసి ఉంచి, చిరునామాలో సరుకు కోడ్‌ను గానీ, ధరల జాబితా అన్న పేరును గానీ మాత్రమే పంపాలి. పాత తెలుగు పుస్తకాలు చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి మీ సొంత కోడే మేలు. డేటాబేస్ ఖాతాకు ఆ ఒక్క పట్టికను చదివే అనుమతి తప్ప మరేదీ ఇవ్వకండి. డీలర్లు తమ స్టైల్‌షీట్‌లను అప్‌లోడ్ చేసే వీలు కల్పించి ఉంటే, వాటిని నడిపే ప్రాసెసర్‌లో డాక్యుమెంట్ ఫంక్షన్‌ను పూర్తిగా ఆపివేయండి. లేకపోతే వారిలో ఎవరైనా మీ సర్వర్ చేతనే లోపలి నెట్‌వర్క్‌లోని చిరునామాలను చదివించవచ్చు. డాట్‌నెట్‌లో ఇప్పుడు వాడే ప్రాసెసర్‌లో మీరు మార్చనంతవరకూ అది ఆపే ఉంటుంది, జావాలో మీరే సెట్టింగు పెట్టాలి.

ఇవన్నీ తీరికగా చేయవచ్చు గానీ, ఇప్పుడున్న పాస్‌వర్డ్‌ను మాత్రం ఈ రోజే మార్చండి.