మన వాళ్ల గ్రూపు నీ చేతికి వచ్చింది కదా

అమ్మడూ,

మన వంశం వాట్సాప్ గ్రూపుకి నిన్ను అడ్మిన్ చేశామని మీ బాబాయ్ ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. ఆరేళ్లు ఆ పని నేను చూశాను కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది. సామర్లకోట నుంచి డల్లాస్ దాకా 168 మంది ఉన్నారు అందులో. అందరూ మన వాళ్లే. అందుకే అక్కడ ఎవరం జాగ్రత్త పడం.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మూడేళ్ల కిందట మన చుట్టాలమ్మాయికి మెడ దగ్గర గడ్డ వచ్చింది. వాళ్లమ్మ కంగారుపడి స్కానింగ్ రిపోర్టు నాకు పంపింది. గ్రూపులో ఇద్దరు డాక్టర్లు ఉన్నారు కదా అని నేను దాన్ని పేరు, వయసు కనిపించేలా అలాగే గ్రూపులో పెట్టేశాను. డాక్టర్లిద్దరూ గంటలోపే ఫోన్ చేశారు, భయపడాల్సింది ఏమీ లేదన్నారు. ఆ గంటలోనే ఆ ఫోటో ఇంకో మూడు గ్రూపులకు వెళ్లిపోయింది. పంపినవాళ్లలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ‘పాపం, తెలిసిన మంచి డాక్టరు ఉంటే చెప్పండి’ అనే పంపారు. వారం తిరక్కుండా అది ఆ అమ్మాయిని చూసుకుని వెళ్లిన పెళ్లివారి ఫోన్‌లోకి చేరింది. సంబంధం ఆగిపోయింది.

గడ్డ మామూలుదేనని తేలింది. ఏడాది తర్వాత మంచి సంబంధమే కుదిరింది కూడా. కానీ ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే. “పెద్దమ్మా, పెట్టేముందు నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా?” అప్పుడూ నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

విషయం తెలియగానే గ్రూపులో ఆ ఫోటో అందరికీ డిలీట్ అయ్యేలా చూద్దామనుకున్నాను. అప్పటికే గడువు దాటిపోయింది. వాట్సాప్ దానికి ఇచ్చే సమయం రెండు రోజులకు కాస్త ఎక్కువ, అంతే. ఆ లోపు డిలీట్ చేసినా, ఫోన్ గ్యాలరీల్లో సేవ్ అయిన ఫోటోలు, ఫార్వర్డ్ అయిన కాపీలు అలాగే ఉంటాయి. పైగా ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లో మొదట పంపిందెవరో కనిపించదు. ఎవరిని బతిమాలాలో కూడా నాకు తెలియలేదు.

కాబట్టి తల్లీ, నా మాట ఇది. ఆ పోస్టు ఎవరి గురించో వాళ్లను అడిగి పెట్టాలి. వాళ్లమ్మను కాదు, వాళ్లాయనను కాదు, వాళ్లనే. ఎవరైనా అడగకుండా రిపోర్టో, ఇంకొకరి ఇంటి గొడవో పెడితే మొహమాటపడకు. అడ్మిన్‌గా నువ్వు ఎవరి మెసేజ్‌నైనా తీసేయవచ్చు. ముందు తీసేయి. తర్వాత పెట్టినవాళ్లకు విడిగా ఫోన్ చేసి చెప్పు. గ్రూపులో నలుగురి ముందు మందలించకు. పెద్దవాళ్లు మనసు కష్టపెట్టుకుంటారు, అసలు విషయం పక్కకు పోయి వాదన మిగులుతుంది.

సెట్టింగ్స్ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు. అయినా మూడు పనులు ఈ వారంలోనే చెయ్యి. గ్రూప్ లింక్ ఎప్పుడో పెళ్లి పిలుపుల సమయంలో నలుగురికీ పంచాం, దాన్ని రీసెట్ చెయ్యి. కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా పెట్టు. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ మన ఆడపిల్లల ఫోన్ నంబర్లు కనిపిస్తాయి, అది మరిచిపోకు. మూడోది, 2025లో వచ్చిన అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చెయ్యి. దాంతో చాట్ మొత్తాన్ని ఎవరూ ఎక్స్‌పోర్ట్ చేయలేరు, ఫోటోలు వాటంతటవే గ్యాలరీలోకి దిగవు. కావాలని స్క్రీన్‌షాట్ తీసేవాళ్లను మాత్రం అది ఆపలేదు.

తిరుమల దర్శనం టికెట్లప్పుడు ఏం జరుగుతుందో నువ్వూ చూశావు. 300 రూపాయల టికెట్లు విడుదల కాగానే ‘అందరూ ఆధార్ పెట్టండి’ అని ఒకరు అంటారు. పది నిమిషాల్లో ముసలివాళ్లవీ పిల్లలవీ కలిపి పాతిక ఆధార్ కార్డుల ఫోటోలు గ్రూపులో వరసగా పడతాయి. ఇది ఆపాలి. బుక్ చేసేది ఒక్కరే కదా, నంబరు ఆ ఒక్కరికి విడిగా పంపితే చాలు. బుకింగ్ అయ్యాక ఇద్దరూ డిలీట్ చేసుకోవాలి. హోటల్ గదుల్లాంటి వాటికి చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ ఒప్పుకుంటారేమో ముందు అడిగి చూడమను. దాన్ని ఆధార్ వెబ్‌సైట్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే గంట గడవకముందే గ్రూపులో ‘ఓం శాంతి’ అని వచ్చేస్తుంది. దానితో పాటు భౌతికకాయం ఫోటో. మన వాళ్లలో ఒకావిడకు తండ్రి పోయిన సంగతి అలాగే తెలిసింది. అమెరికాలో తెల్లవారుజామున లేచి ఫోన్ చూసుకుంది, అంతే. అన్నయ్య ఫోన్ ఆ తర్వాత వచ్చింది. ఆ ఫోటో ఇప్పటికీ ఆమె కళ్ల ముందు నుంచి పోలేదంటుంది. అందుకే చావు కబురు గ్రూపులోకి రావాలంటే పిల్లలందరికీ ఫోన్లు వెళ్లాయని ఆ ఇంటివాళ్లు చెప్పాలి. ఫోటో పెట్టాలనుకుంటే ఆ మనిషి నవ్వుతూ ఉన్న పాత ఫోటో పెట్టండి. ఇది మాత్రం గట్టిగా చెప్పు, ఎవరేమనుకున్నా సరే.

పిల్లల స్నానాల ఫోటోలు, బట్టలు లేని ఫోటోలు ఎంత ముద్దొచ్చినా వద్దు. నాయనమ్మే పెట్టినా తీసేయి.

ఫేస్‌బుక్‌లో మన ఊరి హైస్కూలు గ్రూపు ఉంది కదా, అది పబ్లిక్ గ్రూపు. అక్కడ ఏం రాసినా సభ్యులు కానివాళ్లు కూడా చదవగలరు. మీ నాన్న మొన్న ‘పదిరోజులు కాశీ వెళ్తున్నాం, ఇల్లు తాళం’ అని అందులో పెట్టాడు. నేను ఫోన్ చేసి తీయించాను. ప్రయాణం ఫోటోలు ఇంటికి వచ్చాక పెట్టుకోమను. ప్రైవేట్ గ్రూపైతే సభ్యులకే కనిపిస్తుంది గానీ అందులోనూ స్క్రీన్‌షాట్లు తీసేవాళ్లుంటారు.

ఇవన్నీ ఒక్కరోజులో మారవు. మొదట్లో కొందరు ‘మన వాళ్ల దగ్గర దాపరికం ఏమిటి’ అంటారు. వాళ్లతో వాదించకు. ఆ అమ్మాయి సంగతి పేరు లేకుండా చెప్పు. పెట్టింది పెద్దమ్మే అని కూడా చెప్పు, నాకేం అభ్యంతరం లేదు.

అన్నట్టు వచ్చే 14న నాకు శుక్లం ఆపరేషన్. గ్రూపులో పెట్టకు. ఫోన్ చేసి చెప్పాల్సిన వాళ్లు నలుగురున్నారు, వాళ్లకు నేనే చెప్పుకుంటాను.

నీ పెద్దమ్మ