వరంగల్‌లో ఆటో యాప్: కమీషన్ తీసుకోవాలా, రోజు పాస్ పెట్టాలా?

300 ఆటోలతో మొదలుపెడుతున్నారు, పెద్ద యాప్‌లను తట్టుకోవాలంటే డ్రైవర్ దగ్గర ఎలా వసూలు చేయాలన్నది మీ ప్రశ్న. శాతం కమీషన్ జోలికి వెళ్లకండి. ఆటోల్లో దానికి కాలం చెల్లింది. బెంగళూరులో 2022లో నమ్మ యాత్రి అనే ఆటో యాప్ కమీషన్ లేకుండానే దిగింది. 2024లో ర్యాపిడో, 2025 ఫిబ్రవరిలో ఉబర్, జూన్‌లో ఓలా అదే దారి పట్టాయి.

సగటున 110 రూపాయల ట్రిప్పులు రోజుకు 12 అనుకోండి. వసూలు 1,320. అందులో 20 శాతం కమీషనంటే 264 పోతుంది. అదే రోజుకు ఒక్కసారి కట్టే 30 రూపాయల పాసయితే రెండో ట్రిప్పుకే గిట్టుబాటు. మీకు మాత్రం అందరూ కొన్నా రోజుకు వచ్చేది 9,000. మ్యాప్, ఓటీపీ మెసేజ్‌లు, సర్వర్, ఫోన్ ఎత్తే మనిషి జీతం అన్నీ అందులోంచే. ట్రిప్పుకు 20 డిస్కౌంట్ ఇచ్చారా, 450 ట్రిప్పులకే, అంటే ఆటోకి ఒకటిన్నర చొప్పున తిరిగేసరికే, ఆ డబ్బంతా అయిపోతుంది. డిస్కౌంట్ల పోటీ మీది కాదు.

కమీషన్ పెడితే "యాప్‌లో ఎంత చూపిస్తోందన్నా? క్యాన్సిల్ కొట్టు, అదే రేటుకి నేనొస్తా" అని డ్రైవర్ బేరం మొదలుపెడతాడు, బుకింగ్ మీ చేయి దాటిపోతుంది. పాసుతో ఆ బాధ పోతుంది కానీ, డబ్బు నేరుగా డ్రైవర్‌కే చేరుతుంది గనుక మీరు చూపే రేటుకి విలువ తగ్గి "ఇంకో ఇరవై ఇవ్వండి సార్" మొదలవుతుంది. చాలాసార్లు అది అత్యాశ కాదు. మూడు కిలోమీటర్ల బేరానికి రెండు కిలోమీటర్లు ఖాళీగా రావాల్సి రావడమే కారణం. పికప్ దూరం మొదటి కిలోమీటరు ఉచితం, ఆపైన కిలోమీటరుకు 10 చొప్పున కలిపి, మొత్తం రేటు బుకింగ్‌కి ముందే చూపించండి. బండి రాకముందే ముందస్తు టిప్ అడగడం మాత్రం వద్దు. దాని మీదే 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఉబర్‌కు నోటీసిచ్చింది.

ఒక్క పాసే ఉంటే సాయంత్రం మూడు గంటలు మాత్రమే తిప్పేవాళ్లు కొనరు, సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకు బండ్లు చాలవు. ట్రిప్పుకు 3 రూపాయలు, రోజుకు 30 దాటకుండా పెట్టండి. నమ్మ యాత్రి కూడా రోజుకు 25 లేదా ట్రిప్పుకు 3.50 అని రెండు దారులూ ఇచ్చింది. ఆ డబ్బు ట్రిప్పు పూర్తయ్యాకే డ్రైవర్ వాలెట్‌లోంచి (యాప్‌లో ముందే వేసుకున్న డబ్బు) కోయండి. ఒప్పుకోగానే కోస్తే క్యాన్సిలైన ప్రతిదానికీ గొడవే. వాలెట్ ఖాళీ అవగానే ఆపేయకుండా 15 రూపాయల దాకా అప్పు ఉండనివ్వండి, లేకపోతే మధ్యాహ్నం రద్దీలోనే బండి ఆఫ్‌లైన్ అవుతుంది.

సర్జ్‌కి, అంటే రద్దీ వేళ రేటు పెంచడానికి, 2025 కేంద్ర మార్గదర్శకాలు మూల ధరకు రెట్టింపు దాకా ఒప్పుకుంటాయి, తగ్గించడానికి మూల ధరలో 50 శాతం హద్దు. మీ ఊళ్లో 1.3 రెట్లు దాటితే జనం చెయ్యెత్తి వీధిలో ఆటో ఆపుకుంటారు. నిజానికి మీ పోటీ పెద్ద యాప్‌లతో కన్నా కాజీపేట-హన్మకొండ-వరంగల్ షేర్ ఆటోలతోనూ, 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉచితమైన ఆర్టీసీ బస్సులతోనూ ఎక్కువ. ఆ మెయిన్ రోడ్డు మీద రేటు తగ్గించి గెలవలేరు. లోపలి కాలనీలు, రాత్రి రైలు దిగి సామానుతో వచ్చేవాళ్లు, ఆసుపత్రి బేరాలు పట్టుకోండి.

జీఎస్టీ సంగతి ముందే తేల్చుకోండి. యాప్ ద్వారా ఆటో ప్రయాణానికి 2022 జనవరి నుంచి 5 శాతం ఉంది. పాస్ పద్ధతికి అది వర్తిస్తుందా అన్నదాని మీద కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (పన్ను సందేహాలకు ముందే తీర్పు చెప్పే సంస్థ) ఒక యాప్‌కి ఒకలా, మరోదానికి ఇంకోలా చెప్పింది. డ్రైవర్లకు రేటు చెప్పేలోపే సీఏని కలవండి.