అబ్బాయి తనలో తానే మాట్లాడుకుంటున్నాడు.. మా పెంపకమే కారణమా?

ప్రశ్న: మా అబ్బాయికి 21 ఏళ్లు. ఎనిమిది నెలలుగా కాలేజీ మానేసి గదిలోనే ఉంటున్నాడు. పదిసార్లు చెబితే గానీ స్నానం చేయడు. తనలో తానే మాట్లాడుకుంటాడు. పక్కింటివాళ్లు ఫోన్ ద్వారా తన ఆలోచనలు వింటున్నారంటాడు. మా మరిదికి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు ఉండేది. ఇది వంశపారంపర్యమా? మా పెంపకంలో లోపమా? స్కాన్ తీయిస్తే తెలుస్తుందా?
- ఒక తల్లి

సమాధానం: అమ్మా, పెంపకం వల్ల స్కిజోఫ్రెనియా రాదు. ఒకప్పుడు కొందరు వైద్యులే తల్లులను తప్పుబట్టారు. ఆ వాదన ఎప్పుడో వీగిపోయింది. కాబట్టి ఆ నింద మీ మీద వేసుకోకండి.

మీరు రాసినదాన్ని బట్టి ఆ జబ్బేనని అనుమానించాల్సి వస్తోంది. కానీ బాబును చూసి, మాట్లాడాకే సైకియాట్రిస్టు నిర్ధారించగలరు. ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, తనమీద నిఘా ఉందని గట్టిగా నమ్మడం, పొంతన లేకుండా మాట్లాడటం అందరి కంటా పడతాయి. వీటికంటే నెలల ముందే ఇంకొన్ని మొదలవుతాయి. స్నేహితులకు దూరమవుతారు, చదువు మీద ధ్యాస నిలవదు, ముఖంలో సంతోషమూ బాధా కనిపించవు, శుభ్రత పట్టదు. ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకమనుకుని తిడతారు. అది బద్ధకం కాదమ్మా, జబ్బులో భాగమే. మగపిల్లల్లో ఇది ఎక్కువగా 18-25 ఏళ్ల మధ్య బయటపడుతుంది, ఆడపిల్లల్లో ఇంకొన్నేళ్లు ఆలస్యంగా.

వంశపారంపర్యం పాత్ర ఉంది గానీ అదొక్కటే కారణం కాదు. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే అవకాశం ఉంటే, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నప్పుడు అది సుమారు పది శాతం. బాబాయికి ఉంటే ముప్పు అంతకంటే తక్కువే. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవారికి వచ్చేది దాదాపు సగం మందిలోనే. గర్భంలో ఉండగా తల్లికి సోకిన ఇన్ఫెక్షన్లు, కాన్పు సమయంలో బిడ్డకు ఆక్సిజన్ తగ్గడం, టీనేజీలో గంజాయి అలవాటు కూడా ముప్పును పెంచుతాయి. బాబు గంజాయి తాగుతున్నాడేమో కోప్పడకుండా అడిగి చూడండి.

మెదడులో కొన్నిచోట్ల డోపమైన్ అనే రసాయనం మితిమీరి పనిచేస్తుంది. దాంతో మామూలు శబ్దానికి, ఎవరో యథాలాపంగా చూసిన చూపుకి కూడా ఏదో అర్థం ఉన్నట్టు తోస్తుంది. గ్లుటమేట్ అనే మరో రసాయనం పనితీరులోనూ తేడాలుంటాయి. అయితే ఇవేవీ స్కాన్‌లోనో రక్తపరీక్షలోనో చూసి నిర్ధారించేవి కావు. డాక్టరుగారు పరీక్షలు రాసేది థైరాయిడ్ సమస్య, మూర్ఛ, మత్తుపదార్థాల ప్రభావం వంటివి కావని తేల్చుకోవడానికి.

ఎంత త్వరగా చికిత్స మొదలైతే అంత మంచిది. మందులతో చాలామందిలో భ్రమలు, వినిపించే మాటలు కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. ముభావం తగ్గడానికి ఎక్కువ కాలం పడుతుంది, కౌన్సెలింగూ కావాలి. కాస్త కుదుటపడగానే మందులు మాన్పించేయకండి, జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా అప్పుడే.

పక్కింటివాళ్లు వినడం లేదని బాబుతో వాదించవద్దు, అవునని ఒప్పుకోనూ వద్దు. "నీకు భయంగా ఉంది కదా నాన్నా, నేనున్నాను" అనండి. నిద్ర పట్టడం లేదన్న మాటతోనైనా సరే, ఈ వారంలోనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చచ్చిపోతానన్నా, ఫలానా పని చేయమని గొంతులు ఆజ్ఞాపిస్తున్నాయన్నా ఒంటరిగా వదలకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.