బయోటెక్‌కి హైదరాబాదా, బెంగళూరా? ముందు మీ చెరువు సంగతి చూడండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. బయోటెక్నాలజీ చదువుతానంటోంది. హైదరాబాద్‌లో చేర్చాలా, బెంగళూరులోనా? మా వైపు రొయ్యల చెరువులు తప్ప ఏమున్నాయి? సాఫ్ట్‌వేర్ పిల్లల్లా సెటిల్ అవుతుందా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, మీ అసలు బెంగ ఊరి గురించి కాదు. డాక్టరు సీటు పోయింది, ఇక పిల్ల గతేమిటని. ఏమీ కాదు. బయాలజీ ఇష్టపడే పిల్లకు దారులు చాలా ఉన్నాయి. ముందు మీరు స్థిమితపడండి.

హైదరాబాద్ బలం టీకాలు, మందులు. హెపటైటిస్-బి టీకాను దేశీయంగా తయారుచేసి శాంతా బయోటెక్నిక్స్ 1997లో మార్కెట్లోకి తెచ్చింది. బయోటెక్ కంపెనీలన్నీ ఒకచోట చేరిన జీనోమ్ వ్యాలీ అంతా ఆ బాటే. బెంగళూరులో 1978 నుంచి బయోకాన్ అనే బయోటెక్ కంపెనీ ఉంది. పక్కనే సాఫ్ట్‌వేర్ ఉండటంతో జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించే పనులూ అక్కడ ఎక్కువే. మనకు దగ్గర్లో కావాలంటే విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా సిటీ ఉంది.

నా అనుమానం ఊరి మీద కాదు, కోర్సు మీద. మూడేళ్ల బీఎస్సీ బయోటెక్‌తోనే ఆగిపోతే దొరికేవి ఎక్కువగా చిన్న జీతాల పనులే. పరిశోధన ఉద్యోగానికి కనీసం ఎమ్మెస్సీ, చాలాచోట్ల పీహెచ్‌డీ అడుగుతారు. ఇప్పుడు కొన్ని కాలేజీలు ‘బయోటెక్ విత్ ఏఐ’ అని బ్రోచర్లు పంచుతున్నాయి. వెళ్లి ల్యాబ్ చూపించమనండి. జన్యు పదార్థాన్ని పరీక్షించే పీసీఆర్ యంత్రం పిల్లల చేతికిస్తారా, అద్దం వెనక నుంచి చూపిస్తారా? రెండోదైతే వెనక్కి వచ్చేయండి.

ఇక ‘చెరువులు తప్ప ఏమున్నాయి’ అన్నారు చూడండి, అక్కడ నాకు కోపం వచ్చింది. చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) దింపే ముందు పీసీఆర్ రిపోర్టు అడుగుతారు కదా, అది బయోటెక్నాలజీ కాదా? 1990ల్లో వైట్ స్పాట్ వైరస్ జబ్బు వచ్చి టైగర్ రొయ్య వేసినవాళ్లను ఎలా ముంచిందో మీకు నేను చెప్పాలా? 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి ఇచ్చాక దాని తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచి పరీక్షించాకే పిల్లలను ఉత్పత్తి చేసే హ్యాచరీలకు ఇస్తున్నారు. ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి పడితే రొయ్య ఎదగదు, మేత ఖర్చు మాత్రం ఆగదు. ఎగుమతి సరుకులో యాంటీబయాటిక్ జాడ దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది. ఇవన్నీ ల్యాబ్‌లో కూర్చుని తేల్చాల్సిన పనులే. దేశమంతా పండించే స్వర్ణ వరి (ఎంటీయూ 7029) కూడా మీ పక్కనున్న మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిందే. చెరువు డబ్బుతో ఫీజు కడుతూ ఆ చెరువునే చిన్నచూపు చూడటం ఏం న్యాయం?

అమ్మాయిని ఒకసారి హ్యాచరీకి, టెస్టింగ్ ల్యాబ్‌కి తీసుకెళ్లండి. ఆ పని నచ్చితే బీఎఫ్ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకంపై డిగ్రీ) గురించి ఆలోచించండి. నరసాపురం దగ్గరే ఫిషరీస్ యూనివర్సిటీ పెట్టారు. నచ్చకపోతే దగ్గర్లోని మంచి కాలేజీలో మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీలో చేర్చండి. ఊరు ఎంచుకోవాల్సింది ఎమ్మెస్సీ అప్పుడు.

మీరు తేల్చాల్సింది ఇంకొకటుంది. ఐదేళ్లు చదివిస్తారా, మూడో ఏడే సంబంధాలు చూస్తారా? అది అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. మధ్యలో ఆపేట్టయితే ఈ కోర్సు వద్దు.